చరణం కోసేస్తే అది పాటెట్టా అవుద్ది?

(నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం ఆర్కెస్ట్రా వాళ్లు, కాలేజీ బ్యాండు పిల్లోళ్లు కలిసి కూచున్నప్పుడు కావలి నుంచి వచ్చిన ఒక కీబోర్డు ప్లేయర్ మాట్లాడిన మాటలు. ఫోన్లో రికార్డు చేసింది విని, ఉన్నది ఉన్నట్టు టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. మైకులో ట్రెబుల్ కొంచెం తగ్గించు నాయనా, కీచుమంటుండాది. ఆఁ, చాలు చాలు. నేను మాట్లాడే మనిషిని కాదండీ, ఇరవయ్యెనిమిదేళ్లుగా స్టేజీ మీద ఒక పక్కన కూచొని కీబోర్డు వాయించేవాణ్ణి, మైకు ముందు నిలబడేది వేరేవాళ్లు, నాకు మైకిస్తే "హలో చెక్" అనడం తప్ప ఇంకేం రాదు. అయినా ఈ పిల్లోళ్లు వదల్లేదు. వీళ్లు ఇంజనీరింగ్ చదువుతుండారు, నలుగురు కలిసి బ్యాండు పెట్టుకున్నారు, ఇంగ్లీషు పాటలూ తమిళ పాటలూ మనవీ కలిపి వాయిస్తారు, బానే వాయిస్తారు కూడా. వీళ్ల ఫెస్టులో ఏ పాటలు పాడొచ్చు ఏవి పాడకూడదు అని లిస్టు దగ్గర రగడ వచ్చిందంట. ఏడుపు పాటలు వద్దు, రాజకీయం పాటలు వద్దు, జనం ఎంజాయ్ చెయ్యడానికొస్తారు, వాళ్ల మూడ్ చెడగొట్టొద్దు అని ఒకాయన అన్నాడంట. అంకుల్ మీరేమంటారు అని నా దగ్గరికొచ్చినారు.

నేను వెంటనే ఏం చెప్పలా. ఎందుకంటే ఆయన అన్నదాంట్లో సగం నేనూ ఒప్పుకుంటా. మిగతా సగం మాత్రం నాకు మింగుడుపడలా, అది చెప్పుకుందామనే ఇయ్యాల వచ్చింది.

మీరు కవర్ బ్యాండు అంటారు, మేం ఆర్కెస్ట్రా అంటాం, పని ఒకటేగదా, ఇంకొకరు రాసి ఇంకొకరు ట్యూన్ కట్టి ఇంకొకరు పాడిన పాటని మనం తెచ్చి మనూళ్లో పాడటం. పాట మనది కాదు కాబట్టి దాంట్లో ఏముందో మనకెందుకు, మనం వాయించేవాళ్లమే అని చాలామంది అనుకుంటారు, నేనూ చానా ఏళ్లు అట్టాగే అనుకున్నా. ఈ పిల్లోళ్లు వాయించే పాటొకటి ఉంది, "పంప్డ్ అప్ కిక్స్" అని, ఫాస్టర్ ద పీపుల్ అనే బ్యాండుది. బేసు లైను భలే ఉంటది, మధ్యలో విజిలొస్తది, వినంగానే కాలు ఊరుకోదు. దాని అర్థమేందిరా అని అడిగితే నలుగుర్లో ఇద్దరికే తెలుసు. తుపాకీ పట్టుకొని తోటి పిల్లల్ని కాల్చాలని ఊహించుకునే కుర్రాడి బుర్రలోంచి రాసిన పాట అది. కాలేజీవాళ్లు దానికేమీ అనలా. వద్దన్నది దేనికయ్యా అంటే తెలుగు పాటకి! (నవ్వులు) అంటే అర్థమైతే అది డార్కు, అర్థం కాకపోతే డ్యాన్సు.

మనం మాత్రం తక్కువ తిన్నామా. ప్రతి ఆగస్టు 15కి మనం పాడే పాటేంది? పాడవోయి భారతీయుడా. శ్రీశ్రీ రాసింది, పెండ్యాల గారి సంగీతం, 1961లో వచ్చిన వెలుగు నీడలు సినిమాలోది. పల్లవి ఎత్తుకోగానే జెండా ఎగిరినట్టే ఉంటది, ఒళ్లు పులకరిస్తది. ఆ తర్వాత ఏమంటాడు ఆయన? స్వాతంత్ర్యం వచ్చిందని సభలు పెట్టుకొని సంబరపడితే సరిపోదోయ్ అంటాడు. ధరలు ఆకాశానికి పోయినాయి, ఉద్యోగాలు లేవు, అవినీతి, బంధుప్రీతి, చీకటి బజారు, కులం గొడవలు మతం గొడవలు, వరసబెట్టి పద్దు చదువుతాడు. సభలో కూచున్నోళ్లని ఆ సభలోనే నిలదీసే పాటండీ అది. మరి మనం ఏం చేస్తాం? పల్లవి, పైన ఆ సంబరం ముక్క, మళ్లీ పల్లవి, ఒక డ్రమ్ము రోల్, జై హింద్. అయిపోయింది. ఎవర్నో అనడంలా, మా సెట్టులో, అంటే మా ఆర్కెస్ట్రాలో, నేనే కోసినా, నోట్‌బుక్కులో ఆ చరణం మీద పెన్నుతో అడ్డంగా గీత కూడా పెట్టుకున్నా, టైం సరిపోదు అని.

ఒక ఏడు ఏమైందంటే, మా సింగరుకి జొరమొచ్చి కొత్త కుర్రాడు వచ్చినాడు. వాడు పాటని రికార్డు విని నేర్చుకొచ్చినాడు, మా గీతలు వాడికేం తెలుసు. ఎండింగ్ ఇచ్చేద్దామని నేను చెయ్యెత్తే లోపల వాడు తర్వాతి ముక్క ఎత్తుకున్నాడు, ఇంక చేసేదేముంది, వాడి వెనకాల పోయినా. ధరలూ నిరుద్యోగమూ అని వాడు గొంతెత్తి పాడతుంటే ముందు వరసలో కుర్చీల్లో ఉన్న పెద్దమనుషులు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. వెనకాల నిలబడ్డ జనం మాత్రం చప్పట్లు కొట్టినారు, పల్లవికి కొట్టినట్టు కాదు, వేరేగా. ఆ ప్రోగ్రాం బ్యాలెన్స్ డబ్బులకి మమ్మల్ని మూడు వారాలు తిప్పినారు. ఆ పాట వల్లేనా అంటే చెప్పలేను, మామూలుగా కూడా తిప్పుతారు. (నవ్వులు)

అమెరికాలో కూడా ఇదే కత. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అని పెద్ద సింగర్, 1984లో "బార్న్ ఇన్ ద యూఎస్ఏ" అని పాడినాడు. ఆ పల్లవి వింటే దేశభక్తి పాటే అనిపిస్తది. చరణాల్లో వియత్నాం యుద్ధానికి పోయి తిరిగొచ్చినోడు పనీపాటా లేక తిప్పలు పడతుంటాడు. ఆ ఏడే ఎన్నికల టైములో వాళ్ల ప్రెసిడెంటు రీగన్ గారు ఒక సభలో ఆ సింగరు పేరు చెప్పి, ఆయన పాటల్లో ఆశ ఉంది అని మెచ్చుకున్నాడు. పల్లవి దగ్గర ఆగిపోతే ఎవరికైనా అంతే, మన దగ్గర మునిసిపాలిటీ గ్రౌండైనా ఆడ అమెరికా ప్రెసిడెంటైనా.

అందుకని పాడొచ్చా పాడకూడదా అనే ప్రశ్న నన్ను అంతగా ఇబ్బంది పెట్టదు. కోసి పాడటం మీదే నాకు మంట. పాడదల్చుకుంటే మొత్తం పాడండి. మొత్తం పాడే సందర్భం కాదు, గుండె చాలదు అనుకుంటే ఆ పాట వదిలేసి ఇంకోటి ఎత్తుకోండి, మనకేమన్నా పాటల కరువా.

భయపడేదానికి కూడా ఒక హద్దుండాలబ్బా. మన పాత నెల్లూరు జిల్లావాడే ఆత్రేయ, సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు ఆయనది, ఇప్పుడది తిరుపతి జిల్లాలోకి పోయింది. తోడికోడళ్లు సినిమాకి, 1957లో, కారులో షికారుకెళ్ళే అని పాట రాసినాడు, ఘంటసాల పాడినాడు, వినని తెలుగోడు లేడు. ఒకసారి ఇదే టౌన్లో ఒక కార్ల షోరూం ఓపెనింగుకి మమ్మల్ని పిలిచి, కారు పాటలు పాడండి అన్నారు. కారు పాటలంటే మాకు గుర్తొచ్చింది ఇదే. ఈసారి కొయ్యలా, అన్ని చరణాలూ పాడించినా. ఆ పాటలో ఏముందో మీకు తెలుసుగా, చలవరాతి మేడలో కులుకుతుండావే, ఆ రాయి యాడ నుంచి వచ్చిందో ఎవరి కష్టమో చెప్పగలవా అని ఆ అమ్మాయిని అడుగుతాడు. కింద ఫ్లోరంతా కొత్త గ్రానైట్, మన చీమకుర్తి రాయో ఏమో, ధగధగమంటుంది. నాకు లోపల దడ, ఓనరు ఏమంటాడో అని. ఆయనొచ్చి, మాస్టారూ ఆ కారు పాట ఇంకోసారి కానివ్వండి అన్నాడు. (నవ్వులు, చప్పట్లు)

ఇది నవ్వుకునే విషయమే గానీ నాకు ఇందులో ఒక దిగులు కూడా ఉంది. జనానికి పాట తగల్లేదా, తగిలినా పక్కోడికి అనుకున్నారా? గాయం సినిమాలో, 1993, సిరివెన్నెల గారు నిగ్గదీసి అడుగు అని రాస్తే మన బాలు గారు పాడినారు. అది మంత్రుల్ని తిట్టే పాట కాదండీ, జనాన్నే సిగ్గులేని జనం అని తిట్టే పాట. మేం అది ఎప్పుడు పాడినా, సరిగ్గా ఆ మాట దగ్గరే ఈలలు పడతాయి. తిట్టేది మనల్నేగదా అని ఒక్కడూ గమ్మున కూచోడు, ప్రతోడూ పక్కోడి వైపు చూసి తల ఊపుతాడు. బాలు గారంటే గుర్తొచ్చింది, ఆయన కూడా మొదట్లో మనలాగే లైట్ మ్యూజిక్ ట్రూపు నడిపినోడే, ఇళయరాజా గారూ వాళ్ల అన్నదమ్ములూ ఆ ట్రూపులో వాయించినోళ్లే. మనది చిన్న పని అని ఎవరన్నా అంటే ఆ మాట చెప్పండి.

సరే, ఇప్పుడు ఆ కాలేజీ ఆయన మాటలో నేను ఒప్పుకున్న సగం. అది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంటది, అయినా చెప్తా.

పదేళ్ల పైమాట. ఒక పెళ్లి రిసెప్షన్. పెళ్లికొడుకు ఫ్రెండ్సు కొంచెం మందు మీదుండారు, స్టేజీ కిందికొచ్చి జగమే మాయ, జగమే మాయ అని ఒకటే గోల. దేవదాసు, 1953, ఘంటసాల పాట, తాగినోళ్లకి అది జాతీయగీతం లాంటిది, ప్రతి రిసెప్షన్లో ఎవడో ఒకడు అడుగుతాడు, మేమూ తమాషాగా వాయించేస్తాం, సింగరు ఊగుతూ పాడతాడు, వాళ్లు ఊగుతారు, వంద నోటు తెచ్చి డ్రమ్ము ప్యాడ్స్ మీద పెడతారు. ఆ రోజూ అట్టాగే వాయించినాం. పాట అయినాక పెళ్లికూతురు మేనమామ నా దగ్గరికొచ్చి, గట్టిగా కూడా అనలా, "అన్నా, అటు చూసినావా" అన్నాడు. స్టేజీ మీద పెళ్లికూతురు పక్కన ఒక కుర్చీలో దండేసిన ఫోటో. ఆ అమ్మాయి నాయన. తాగి తాగి లివరు పోయి ముందటేడు చనిపోయినాడంట. ఆ ఫోటో రెండు గంటలుగా నా కళ్ల ముందరే ఉంది. ఆ అమ్మాయి ఏడవలా, ఏం చెయ్యలా, తల దించుకొని ఉంగరం తిప్పుకుంటా ఉంది. ఇప్పటికీ నాకు ఆ పాట ఇంట్రో వాయిస్తుంటే వేళ్లు బరువుగా ఉంటాయి.

పాటలో తప్పేం లేదు, గొప్ప పాట. ఆ ఇంట్లో ఆ పూట పాడిన నాది తప్పు. దాన్ని దుఃఖంగా పాడినా కొంత బాగుండేదేమో, తమాషా చేసి పాడటం ఉందే, అది ఇంకా పెద్ద తప్పు. పాట యాడ పాడతామో ఎట్టా పాడతామో దాన్నిబట్టి దాని రంగే మారిపోద్ది. ఘంటసాల గారి భగవద్గీత చూడండి, చావు గురించి ఏడ్చే పాటా అది? యుద్ధం చెయ్యవయ్యా అని చెప్పేది. మనం చావు ఇళ్లలో పెట్టీ పెట్టీ, ఇప్పుడు ఎవరన్నా పొద్దున్నే ఇంట్లో పెడితే పక్కింటోళ్లు ఎవరు పోయినారో అని తొంగిచూస్తారు. అట్టా చేసింది పాడినోడు కాదు, పెట్టినోళ్లు.

ఇంకో మాట. తాగుడు మీద పాట అంటే ఆ ఊగే పాటొకటే కాదు, మన నెల్లూరు జిల్లాలో అది మీకు నేను చెప్పాలా? కలిగిరి దగ్గర దూబగుంట. 1990 తర్వాత రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకున్న ఆడోళ్లు, రోశమ్మ గారూ వాళ్లూ, పాఠంలో సారా కత చదువుకొని, ఇది మన కతేగదా అని లేచి సారా కొట్లు మూయించినారు. అది ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందు, 1995 జనవరిలో మొత్తం మద్యమే బందు, తర్వాత రెండేళ్లకి అది ఎత్తేసినారు అనుకోండి. అప్పట్లో ఊళ్లల్లో కళాజాతాలు తిరిగేవి, డప్పూ గజ్జెలూ కట్టుకొని పాడేవోళ్లు, మా అమ్మ ఆ పాటలు బోరింగు దగ్గర కూడా పాడేది. మా ఆర్కెస్ట్రాలో ఆ పాటలు ఒక్కటీ లేవు. మొగోడు తాగి ఏడిస్తే అది క్లాసిక్, ఆడది తాగొద్దని పాడితే అది రాజకీయం. ఇది నేను గమనించుకోడానికి ఆ ఫోటో కావాల్సొచ్చింది.

ప్రతిఘటన సినిమా పాట గురించి అడిగినారు ఇందాక ఒక అమ్మాయి. ఈ దుర్యోధన దుశ్శాసన. 1985. వేటూరి గారు రాసినారు, జానకమ్మ పాడింది, డైరెక్టరు టి. కృష్ణ గారు మన ప్రకాశం జిల్లావాడే, ఒంగోలు శర్మా కాలేజీలో చదివినోడు. మా సెట్టులో ఒక అమ్మాయి ఆ పాట బాగా పాడుద్ది. కాలేజీ ఫంక్షన్లో పెడదామంటే, సంతోషంగా ఉండే పాట పెట్టండి సార్ అన్నారు. మా అమ్మాయి పట్టుబట్టింది, పాడింది. ఆడపిల్లలు కూచున్న వైపు గుండుసూది పడితే వినపడేంత నిశ్శబ్దం, మొగపిల్లల వైపు కూడా రెండో చరణానికి అరుపులు ఆగిపోయినాయి. అట్టాంటి నిశ్శబ్దం నాకు ఇరవయ్యెనిమిదేళ్లలో ఒక పదిసార్లు దొరికుంటదేమో. మరి నేనేం చేసినా? మూడ్ మళ్లీ లేపాలిగదా అని నాలుగు సెకన్లు కూడా ఆగకుండా ఒక ఐటెం సాంగ్ బీటు వేసినా! అప్పుడు ఆ అమ్మాయి నా వైపు చూసిన చూపు... (నవ్వులు) నవ్వమాకండి, నిజంగానే బాధేసింది.

ఈ విషయంలో పాతకాలం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చానా ఉంది. బిల్లీ హాలిడే అని నల్లజాతి గాయని, న్యూయార్క్‌లో కెఫే సొసైటీ అనే క్లబ్బులో పాడేది, 1939లో "స్ట్రేంజ్ ఫ్రూట్" అని పాట. తెల్లోళ్లు నల్లోళ్లని చంపి చెట్లకి వేలాడదీసేవాళ్లు, ఆ శవాల గురించి. తాగేదానికి, తినేదానికి వచ్చిన జనం ముందర పాడాలి ఆ పాట. ఏం చేసేవోళ్లంటే దాన్ని ఆఖర్న పెట్టేవోళ్లు. సర్వర్లు సప్లై ఆపేసేవోళ్లు, లైట్లన్నీ తీసేసి ఆమె మొహం మీద ఒక్కటే లైటు, పాట అయిపోగానే అదీ ఆరిపోయేది. వన్స్ మోర్ లేదు, ఇంకో పాట లేదు. చూడండి ఎంత జాగ్రత్తో. మనమేమో రాత్రి పది కాకముందే మైకు ఆపాలని పోలీసులు లైట్లు ఊపుతుంటే గబగబా ఒక మాస్ పాటతో ముగిస్తాం.

ఇప్పుడు అసలు కష్టమైంది. ఇంతసేపూ దాన్ని దాటేద్దామనే చూసినా.

ప్రకాశం జిల్లాలో ఒక ఊరి తిరునాళ్ల, ఊరి పేరొద్దు. మధ్యలో పల్లె కుర్రోళ్లు, అంటే దళితవాడ పిల్లోళ్లు, నలుగురొచ్చి చీటీ ఇచ్చినారు, గద్దర్ దళిత పులులమ్మా పాట కావాలని. మీలో చిన్నోళ్లకి తెలీదేమో, 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపినారు, అప్పుడది ప్రకాశం జిల్లానే, ఇప్పుడు బాపట్లలోకి పోయింది. ఆ పాట ఆ పోరాటం మీద పాట. మా సింగరుకి అది వచ్చు. చీటీ చూసిన కమిటీ ఆయన నా చెవిలో, మాస్టారూ అది పాడితే గొడవలైతయ్యి, మీ సెట్టుకి నేను పూచీ కాదు అన్నాడు. బెదిరించినాడా, ఉన్నమాట చెప్పినాడా, నాకిప్పటికీ తెలీదు. నా వెనక ఇద్దరు ఆడపిల్లలు సింగర్లుండారు, నాలుగు లక్షల సామానుంది, బాడుగ వ్యానుంది. నేను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నా. పాడలా. భయపడ్డా, అంతే, దానికి వేరే పేరేం లేదు.

ఆ కుర్రోళ్లు గొడవేం చెయ్యలా. కింద నిలబడి రెండు పాటలు చూసి ఎల్లిపోయినారు. తర్వాత ఏప్రిల్ 14కి అదే పల్లెకి మమ్మల్ని పిలిచినారు, అంబేద్కర్ జయంతికి, పోయినాం, ఆడ ఆ పాట పాడినాం, మొత్తం, ఒక్క ముక్క కొయ్యకుండా. అందరూ కలిసి పాడినారు. నాకు సంతోషమే. కానీ వ్యానెక్కినాక మా డోలక్ ఆయన అన్నాడు, "అన్నా, వాళ్ల పాట వాళ్ల ఈధిలో పాడినాం, వాళ్లకి తెలిసిందే వాళ్లకి చెప్పినాం." దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి. గుడి ముందర పాడలేని పాట పల్లెలో పాడతాం అనేది కూడా ఒక రాజకీయమే, ఏ పక్క రాజకీయమో మీరే ఆలోచించుకోండి. అట్టాగని సెట్టుని ప్రమాదంలో పెట్టమని ఈ పిల్లోళ్లకి నేను చెప్పను. మీకింకా అప్పులు కూడా తీరలా.

ఎలక్షన్లప్పుడు పార్టీల పాటల సంగతి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. ఏడాదంతా రాజకీయ పాటలొద్దు అనే ఆయనే ఆ నెలలో వచ్చి, ఫలానా హిట్టు ట్యూనుకి మా నాయకుడి పేరు పెట్టి పాడండి అంటాడు, డబుల్ రేటు ఇస్తాడు. నేనూ రెండుసార్లు చేసినా. ట్యూనుకి పట్టిన మకిలి అంత తొందరగా పోదు, తర్వాత ఆరు నెలలు ఆ పాట మామూలు మాటలతో పాడుతున్నా జనం ఆ నాయకుడి పేరే అరుస్తారు.

చాల్లే, చానా మాట్లాడినా. ఏమన్నా అడగాలంటే అడగండి. ఆ, చెప్పు అబ్బయా.

(ప్రశ్న: అంకుల్, వచ్చే ఆదివారం మాకు కోవూరులో రిసెప్షన్ ఉంది. పెళ్లికొడుకు పల్లె కన్నీరు పెడుతుందో పాడమని అడిగినాడు. పెళ్లిలో కన్నీరు పాటేందని మా వాళ్లు వద్దంటుండారు.)

గోరటి వెంకన్న పాట, కుబుసం సినిమాది. పెళ్లికొడుకే అడిగినాడా? ఎందుకడిగినాడో కనుక్కున్నావా? లేదా. అది కనుక్కో ముందు. వాళ్లది మెట్ట ఊరా, వలస పోయిన కుటుంబమా, ఏందో కత ఉంటది. పెళ్లికూతురు వైపు కూడా ఒక మాట అడుగు. స్టేజీ మీద దండేసిన ఫోటో ఉందేమో చూసుకో. అన్నీ సరే అనుకుంటే భోజనాలకి లేవకముందు పెట్టు, భోజనాలప్పుడు పెడితే గరిటెల చప్పుడే వినపడుద్ది. అది ఎంత పెద్ద పాటో చూసుకున్నావా? అన్ని చరణాలూ ప్రాక్టీస్ చెయ్యండి. పాట అయినాక ప్యాడ్స్ మీద చేతులు పెట్టుకొని గమ్మున ఉండమను మీ డ్రమ్మరుని, ఒక పది లెక్కపెట్టేదాకా.

కరెంటు పోయేట్టుంది, ఎవరన్నా కేబుళ్లు చుట్టండయ్యా.